గోల్‌బజార్ స్వర్ణ: దిగుబడి జన్యువు కోసం ఒక వెతుకులాట

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో బియ్యం కొట్టు ముందు నిలబడితే ముందుగా పేర్లే చెవిన పడతాయి. మినికిట్, బాఁశ్‌కాఠి, దూధేశ్వర్, గోవిందభోగ్, స్వర్ణ. ఉప్పుడు బియ్యమైతే సిద్ధ, పచ్చి బియ్యమైతే ఆతప్. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పనులకు వచ్చి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు కూడా ఈ బజారు మాటలతోనే బేరమాడతాయి. ఇంట్లో వండేది చారూ పులుసే అయినా బియ్యం మాత్రం బెంగాల్‌దని వాళ్ల నమ్మకం.

"ఈ స్వర్ణ ఏ ఊరిది దాదా?" అని అడిగి చూడండి. బర్ధమాన్ అంటాడు, లేకపోతే మన మేదినీపూరే అంటాడు. అబద్ధం కాదు, పండింది అక్కడే. కానీ ఆ విత్తనం పుట్టింది పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో. 1982లో విడుదలైన రకం. ఆ తరవాత ఎన్నో కొత్త రకాలు వచ్చాయి, పోయాయి. పశ్చిమ బెంగాల్ ఆమన్ చేలల్లో, అంటే మన సార్వా కారులో, స్వర్ణ మాత్రం దశాబ్దాలుగా పాతుకుపోయింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, బీహార్‌లలోనూ దానిది పెద్ద పేరే. బంగ్లాదేశ్ ఉత్తర పశ్చిమ జిల్లాలకైతే ఏ ప్రభుత్వమూ పంపకుండానే రైతుల చేతుల మీదుగా సరిహద్దు దాటి వెళ్లింది.

అంతగా అందులో ఏముంది? అడగడానికి చిన్న ప్రశ్నే. జవాబు కోసం వెళితే మాత్రం వందేళ్లకు పైబడిన చిక్కుముడి ఒకటి ఎదురొస్తుంది: వరి దిగుబడిని నిర్ణయించే జన్యువు అసలు ఎక్కడుంది?

ఈ వెతుకులాటలో పేర్లను నమ్మి ముందుకు వెళ్లలేం. గోల్‌బజార్‌లో పెద్ద పేరు మినికిట్‌ది. ఆ పేరుతో విడుదలైన వరి రకమే లేదు. కొత్త రకాల విత్తనాన్ని ప్రభుత్వం రైతులకు చిన్న సంచుల్లో పంచేది, ఆ సంచిని మినికిట్ అనేవారు. సంచి పేరు కాస్తా బియ్యం పేరైపోయింది. బెంగాల్‌లో ఆ పేరుతో ముఖ్యంగా చెల్లేది ఐ.ఇ.టి. 4786, అసలు పేరు శతాబ్ది. బంగ్లాదేశ్‌లో అదే పేరు తగిలించి వేరే రకాలను మరలో సన్నగా పాలిష్ పట్టి అమ్ముతారు. కాబట్టి పేరు వదిలేసి నంబరు పట్టుకోవాలి. స్వర్ణ నంబరు ఎం.టి.యు. 7029. మొదటి మూడక్షరాలూ మార్టేరువి. 1925లో అక్కడ మొదలైన వరి పరిశోధన కేంద్రం తన రకాలన్నిటికీ ఆ ముద్ర వేస్తుంది. దాళ్వాలో మనవాళ్లు విస్తారంగా వేసే కాటన్‌దొర సన్నాలు కూడా ఆ కొట్టులోదే, ఎం.టి.యు. 1010.

నంబరు దొరికితే తల్లిదండ్రులు దొరికినట్టే. స్వర్ణ, వశిష్ఠకూ మసూరికీ పుట్టిన బిడ్డ. వశిష్ఠ సంగతి తరవాత చూద్దాం. మసూరి కథ వింటే మాత్రం జన్యుశాస్త్రం కన్నా ముందు పాస్‌పోర్టు ఆఫీసు గుర్తొస్తుంది.

1943 బెంగాల్ కరువు తరవాత, 1946లో, కటక్‌లో కేంద్రీయ వరి పరిశోధన సంస్థ పెట్టారు. కె. రామయ్య దాని మొదటి డైరెక్టరు. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అక్కడ ఒక పెద్ద ప్రయత్నం మొదలుపెట్టింది. జపాన్ వైపు పండే జపానికా వరి ఎరువు వేస్తే తట్టుకుని నిలబడి గింజ పెంచుతుంది. మన ఇండికా వరి ఎండకూ, వానకూ, పురుగుకూ అలవాటుపడింది గానీ ఎరువు ఎక్కువైతే నేలమీద పడుతుంది. రెండింటినీ కలపాలి. వేర్వేరు దేశాల రకాలతో కటక్‌లో ఎన్నో సంకరాలు చేశారు. పిల్లల్లో చాలావాటికి గింజ కట్టలేదు, తాలు. అంత శ్రమలోనూ చివరికి రైతు దాకా చేరినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తమిళనాడుకు ఏ.డి.టి. 27 దక్కింది. మలేసియాకు మసూరి దక్కింది.

మసూరికి ఒక వైపు తైచుంగ్ 65, జపాన్ పాలనలో ఉన్న తైవాన్‌లో 1920లలో తయారైన జపానికా. రెండో వైపు మయాంగ్ ఎబోస్ 80 అనే మలయా రకం. సంకరం కటక్‌లో, ఎంపిక మలేసియాలో, 1965లో విడుదల కూడా అక్కడే. 1967-68 ప్రాంతంలో ఆ విత్తనం మళ్లీ ఇండియా చేరింది. ఇక్కడి పరీక్షల్లో దాన్ని పక్కన పెట్టేశారు, చేను పడిపోతుందని. వ్యవసాయ గ్రంథాలు చెప్పే కథ ప్రకారం ఆంధ్రలో ఒక వ్యవసాయ కూలీ ఆ గింజలు కొన్ని తన ఊరికి పట్టుకెళ్లాడు. అక్కడి నుంచి రైతు నుంచి రైతుకు చేతులు మారాయి. కథలో ఆ కూలీకి పేరు లేదు. చివరికి ఐ.ఆర్. 8, జయ అనే రకాల తరవాత దేశంలో అంత పేరు తెచ్చుకున్న రకం మసూరే అయింది.

ఇది చెప్పిన ప్రతివాళ్లూ కూలీ తెలివిని మెచ్చుకుని ఆగిపోతారు. మెచ్చుకోవలసిందే. కానీ మన వెతుకులాటకు పనికొచ్చే ఆధారం "పడిపోతుంది" అన్న ఆ ఒక్క మాటలో ఉంది. పరిశోధన క్షేత్రంలో యూరియా దండిగా వేస్తారు. పొడుగు కాండం ఇంకా సాగుతుంది, వెన్ను బరువెక్కుతుంది, ఈనిక తరవాత ఒక గట్టి వాన చాలు, చేను చాపలా పరుచుకుంటుంది. ఎరువు అంతగా కొనలేని రైతు పొలంలో ఆ ప్రమాదం తక్కువ. అతనికి మంచి బియ్యమూ, పశువుకు గడ్డీ కనిపించాయి. ఒకే మొక్కను ఇద్దరు రెండు వేర్వేరు చేలలో చూశారు, రెండు తీర్పులిచ్చారు. ఇద్దరూ చూసింది నిజమే.

మార్టేరువాళ్లు చేసిన పని ఆ ఒక్క లోపం దిద్దడం. మసూరి పొడుగు, స్వర్ణ పొట్టి. మసూరిలో లేని గుణం స్వర్ణకు వచ్చిందంటే అది రెండో వైపు నుంచి, వశిష్ఠ నుంచే రావాలి. ఆ తరం పొట్టి రకాల పొట్టితనం జాడ పట్టుకుని వెనక్కి నడిస్తే దాదాపు ప్రతిసారీ ఒకే ఇంటికి చేరతాం: తైవాన్‌లో సాగులో ఉన్న డీ-జియో-వూ-జెన్ అనే పాత రకం. 1962లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్ దాన్ని పేటా అనే పొడుగు వరితో కలిపాడు. ఆ సంతానంలోంచి హెన్రీ బీచెల్ ఏరిన మొక్క 1966 నవంబరులో ఐ.ఆర్. 8గా విడుదలైంది. మరుసటి ఏడాదే మార్టేరుకు దగ్గరలోని ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి, విత్తనాన్ని మిగతా రైతులకు అందించాడు. గమనించారా, తైచుంగ్ 65 తైవాన్‌దే, డీ-జియో-వూ-జెనూ తైవాన్‌దే. ఒకటి కటక్, మలేసియాల మీదుగా, ఇంకొకటి మనీలా వైపు నుంచి, రెండు దారులూ గోదావరి డెల్టాలో కలిశాయి.

ఆ పొట్టితనం అసలేమిటో తేలింది 2002లో. మూడు బృందాలు విడివిడిగా వెతికి ఒకే చోట వేలు పెట్టాయి. 1వ క్రోమోజోము మీద ఎస్.డి. 1 జన్యువు. కాండాన్ని సాగదీసే జిబ్బరెలిన్ హార్మోను తయారీలో ఒక మెట్టు దాని బాధ్యత. డీ-జియో-వూ-జెన్‌లో ఆ జన్యువులోంచి 383 డీ.ఎన్.ఏ. అక్షరాలు ఎప్పుడో ఊడిపోయాయి. దాంతో జిబ్బరెలిన్ తగ్గింది, కాండం పొట్టిదైంది, గట్టిపడింది. కాండానికి పోయే తిండి గింజకు మళ్లింది. పాత పొడుగు రకాల్లో మొక్క బరువులో గింజ వాటా సుమారు మూడో వంతు ఉండేది, పొట్టి రకాల్లో అది సగం దాకా వచ్చింది. హరిత విప్లవం అని మనం గొప్పగా చెప్పుకునేది చెడిపోయిన జన్యువు పుణ్యం.

దొంగ దొరికాడు, కేసు ముగిసింది అనుకోవచ్చు. ముగియలేదు. ఎస్.డి. 1 ఉన్న పొట్టి రకాలు వందల్లో వచ్చాయి, వాటిలో చాలావాటి పేర్లు ఇప్పుడు విత్తన వ్యాపారులకే గుర్తులేవు. మరోపక్క ఆ జన్యువు లేని మసూరి దేశమంతా పాకింది. పొట్టితనం చేనును నిలబెట్టింది. స్వర్ణను ఎవరు నిలబెట్టారు?

ఇక్కడ పాత చిక్కుముడి దగ్గరికి ఒకసారి వెళ్లక తప్పదు. మెండెల్ బఠాణీల్లో పొడుగు, పొట్టి అని రెండే రకాలు, లెక్క మూడుకు ఒకటి. 1900లో ఆ సూత్రాలు మళ్లీ వెలుగులోకి రాగానే పంటల మీద ప్రయోగించారు. దిగుబడి దగ్గర అవి పట్టు దొరక్క జారిపోయాయి. మంచి రకాన్నీ నాసి రకాన్నీ కలిపితే రెండో తరంలో రెండు గుంపులు రావు. తక్కువ నుంచి ఎక్కువ దాకా తెంపు లేకుండా అన్ని అంతస్తులూ వస్తాయి. ఇది మెండెల్ సూత్రానికి లొంగదని ఒక వర్గం తేల్చేసింది. స్వీడన్‌లో నిల్సన్-ఎలె గోధుమ గింజ రంగు మీద చేసిన పనితో ముడి కొంచెం సడలింది. ఒక సంకరంలో ఎరుపు, తెలుపుల నిష్పత్తి 63కు 1 వచ్చింది. ఒక జన్యువుకు 3కు 1 అయితే, మూడు జన్యువులు కలిసి పనిచేస్తే వచ్చేది సరిగ్గా 63కు 1. అంటే సూత్రం తప్పలేదు, జన్యువుల సంఖ్యే పెరిగింది. 1918లో రోనాల్డ్ ఫిషర్ ఆ ఆలోచనను గణితంగా మార్చాడు. చిన్న చిన్న ప్రభావాలున్న జన్యువులు ఎన్నో కలిస్తే తెంపు లేని వరుస దానంతటదే వస్తుందని చూపించాడు.

అవి ఎన్ని, ఎక్కడ అన్నది మాత్రం ఆయనకూ తెలియదు. తెలుసుకోవాలంటే దిగుబడిని ముందు ముక్కలు చేయాలి.

స్వర్ణ వెన్ను ఒకటి కోసి బల్ల మీద పరచండి. నడుమ కాడ, దానికి అటూ ఇటూ కొమ్మలు, కొమ్మలకు మళ్లీ పిల్లకొమ్మలు, వాటి మీద గింజలు. పైకొమ్మల గింజలు ముందు పూస్తాయి, ముందు పాలు పోసుకుంటాయి. అడుగున పిల్లకొమ్మల మీదివి ఆఖర్న పూసి, మిగిలిన తిండితో సరిపెట్టుకుంటాయి. గోరుతో నొక్కితే పైవి గట్టిగా తగులుతాయి, అడుగువి కొన్ని లొట్టగా నలుగుతాయి. అవే తాలు. మనం దిగుబడి అనేది నాలుగు అంకెల గుణకారం: చదరపు మీటరులో వెన్నులెన్ని, వెన్నుకు గింజలెన్ని, వాటిలో గట్టివెన్ని, వెయ్యి గింజల బరువెంత. చదరపు మీటరుకు 300 వెన్నులు, వెన్నుకు 120 గింజలు, నూటికి 85 గట్టివి, వెయ్యి గింజలు 19 గ్రాములు అనుకోండి. సుమారు 581 గ్రాములు వస్తుంది. ఎకరాకు చూస్తే 75 కిలోల బస్తాలు 31. నాలుగు అంకెలూ పదేసి శాతం పెరిగితే దిగుబడి 10 శాతం కాదు, 46 శాతం పెరగాలి. కాగితం మీద ఎంత సులువో!

2005 ఈ కథలో పెద్ద సంవత్సరం. వరి జన్యుపటం మొత్తం, 12 క్రోమోజోములూ, ఆ ఏడే అచ్చయింది. భారతీయ శాస్త్రవేత్తలు 11వ క్రోమోజోములో కొంత భాగం చదివారు. అదే ఏడు జపాన్‌లో అషికారి బృందం గింజల సంఖ్యను శాసించే జన్యువును పట్టుకుంది. హబటాకి అనే రకం వెన్నుకు గింజలు ఎక్కువ, కోషిహికారికి తక్కువ. రెండింటి సంతానంలో వెతికితే తేడాలో పెద్ద భాగం 1వ క్రోమోజోము మీద ఒక చోటికి చేరింది, జి.ఎన్. 1ఎ. సైటోకైనిన్ హార్మోనును విరగ్గొట్టే ఎంజైము తయారుచేయడం దాని పని. ఆ పని మందగిస్తే వెన్ను మొగ్గలో సైటోకైనిన్ పేరుకుంటుంది, గింజ మొగ్గలు ఎక్కువ వస్తాయి. మళ్లీ అదే తీరు, మందగించిన జన్యువే మేలు చేసింది. ఆ వెంటనే గింజ పొడవుకు ఒకటి, వెడల్పుకు ఒకటి, పిలకలకు ఒకటి అని జన్యువులు వరసగా బయటపడ్డాయి.

మరి వీటన్నిటినీ ఒకే మొక్కలో పోగేస్తే? దాదాపు ఆ ఆలోచనతోనే, జన్యువుల పేర్లు తెలియక ముందే, ఒక పెద్ద ప్రయోగం జరిగిపోయింది. 1989లో అంతర్జాతీయ వరి సంస్థ కొత్త ఆకారపు మొక్కను రూపొందించడం మొదలుపెట్టింది. పనికిరాని పిలకలు ఉండకూడదు. ఉన్న కొద్ది పిలకలకూ భారీ వెన్నులుండాలి, వెన్నుకు 200 గింజలు దాటాలి. మొక్క అనుకున్నట్టే వచ్చింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. దిగుబడి మాత్రం రాలేదు. వెన్ను నిండా గింజ మొగ్గలే, వాటిని నింపే తిండి లేదు. తాలు. పిలకలు తక్కువ కాబట్టి మొక్క మొత్తం బరువూ తక్కువే. పురుగులకూ లొంగిపోయింది. వెన్ను బరువు పెంచుతూ పోతే పిలకలు తగ్గుతాయి, గింజలు పెంచితే గట్టితనం తగ్గుతుంది. ఆ నాలుగు అంకెలు ఒకదాన్నొకటి కిందికి లాగుతాయి. ఈ వైఫల్యం నా దృష్టిలో ఏ జన్యువు ఆవిష్కరణకూ తీసిపోని ఆధారం.

2008లో చైనాలో దొరికిన జి.హెచ్.డి. 7 ఆ లాగుడు ఎలా ఉంటుందో ఒకే జన్యువులో చూపించింది. అది బలంగా ఉన్న రకంలో గింజలు ఎక్కువ, మొక్క పొడుగు, ఈనిక ఆలస్యం, మూడూ కలిసే వస్తాయి. గింజలు మాత్రం ఇచ్చి పంటకాలం పెంచకు అంటే కుదరదు. ఇప్పుడు స్వర్ణ పంటకాలం గుర్తు చేసుకోండి: 145 నుంచి 150 రోజులు. తొందరలేని రకం. కాలువ నీరూ వాన నీరూ కార్తికం దాకా ఉండే పల్లపు చేలకు అది లోపం కాదు, ఆకు ఎక్కువ రోజులు పనిచేసి గింజ నింపే వీలు. నీరు ముందే ఎండే మెట్ట చేనులో అదే గుణం కొంప ముంచుతుంది. పైగా మార్టేరు రకం తక్కువ నత్రజనితో బాగా పండుతుందనీ, ఎండాకు తెగులును కొంత తట్టుకుంటుందనీ రైతులకు తెలుసు. దోమకు మాత్రం లొంగుతుంది, ఆ మాటా దాచకూడదు.

స్వర్ణలో ఏ ఒక్క అంకె కూడా మరీ పెద్దది కాదు. గింజ చిన్నదే. కాకపోతే నాలుగింటిలో ఏదీ చేతులెత్తేయదు. తూర్పు ఇండియా పల్లపు చేలల్లో, సగం ఎరువుతో, సగం అదృష్టంతో పంట పండించే రైతుకు గెలిపించే జన్యువు కన్నా ఓడనివ్వని కూర్పు ముఖ్యం. మసూరిని దాచుకున్న ఆ కూలీ చూసిందీ అదే అయుంటుంది.

ఈ తీర్పు సరైనదేనా అని పరీక్షించే అవకాశం కూడా స్వర్ణే ఇచ్చింది. స్వర్ణకు ఒక స్పష్టమైన బలహీనత ఉంది. వరద నీట మొత్తం మునిగితే చచ్చిపోతుంది. ఒడిశా దేశవాళీ నుంచి వచ్చిన ఎఫ్.ఆర్. 13ఎ మాత్రం రెండు వారాల దాకా మునిగి బతుకుతుంది. నీట మునిగిన మామూలు వరి పైకి తేలాలని ఎగబాకి, దాచుకున్న తిండంతా ఖర్చుపెట్టి చస్తుంది. ఎఫ్.ఆర్. 13ఎ ఎదుగుదల ఆపేసి, నీరు తీసేదాకా ఓపిక పడుతుంది. ఆ ఓపికకు కారణమైన సబ్1ఎ జన్యువును 9వ క్రోమోజోము మీద గుర్తించినట్టు 2006లో ప్రకటించారు. స్వర్ణకూ ఆ జన్యువున్న వరికీ సంకరం చేసి, పిల్లలను మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, ప్రతి తరంలో డీ.ఎన్.ఏ. గుర్తులు చూసి ఏరుకుంటూ వచ్చారు. చివరికి మిగిలింది స్వర్ణే, 9వ క్రోమోజోములో చిన్న ముక్క తప్ప. 2007లో ఆ పని వివరించిన పత్రానికి మొదటి రచయిత సి.ఎన్. నీరజ. 2009లో స్వర్ణ-సబ్1 ఇండియాలో విడుదలైంది.

ఒడిశా ఊళ్లలో జరిపిన పరిశీలన ఫలితం 2013లో వచ్చింది. చేను 10 రోజులు మునిగితే స్వర్ణ-సబ్1 దిగుబడి మామూలు స్వర్ణ కన్నా 45 శాతం ఎక్కువ. వరద రాని చేలో రెండింటికీ తేడా లేదు. మునక పొలాలు ఎక్కువగా దళిత రైతుల చేతుల్లో ఉన్నాయని కూడా ఆ పరిశీలనే చెప్పింది, అంటే ఆ 45 శాతంలో వాళ్ల వాటా పెద్దది. సబ్1ఎ ఒక్క గింజను కూడా అదనంగా పుట్టించదు. వెన్నునూ, పిలకనూ, గింజ బరువునూ పెంచడం దాని పని కాదు. వరద ఏడాది బస్తాలు లెక్కపెట్టే రైతుకు మాత్రం అదే దిగుబడి జన్యువు, వరద లేని ఏడాది దాని ఉనికే తెలియదు. దిగుబడి జన్యువు అని వేరే ఒకటి లేదు, ఏ చేలో ఏ ఏడు ఏది అడ్డు తీస్తే అదే.

సొంతూళ్లో వంశధార, నాగావళి పల్లాల్లో పొలం ఉండి, అన్నదమ్ములకో కౌలుదారుకో ఖరగ్‌పూర్ నుంచి ఫోనులో విత్తనం చెప్పేవాళ్లకు ఒక మాట. చేను మునిగేదైతే స్వర్ణ-సబ్1 అనే అడగమనండి. సంచి విప్పి వడ్లు అరచేతిలో పోసి చూడమనండి. మామూలు స్వర్ణ వడ్లకు బంగారు గోధుమ రంగు గీతలుంటాయి, బెంగాల్ రైతులు లాల్ స్వర్ణ అనేది అందుకే. 9వ క్రోమోజోము ముక్కతో పాటు పొట్టు రంగును అణిచే పక్క జన్యువు కూడా వచ్చేసింది కాబట్టి స్వర్ణ-సబ్1 వడ్లు ఎండుగడ్డి రంగులో ఉంటాయి. మర ఆడించాక ఆ తేడా పొట్టుతో పాటే పోతుంది, కాబట్టి చూసుకోవలసింది విత్తనం కొనేటప్పుడే.